కోరుట్లలో తెగిన సత్లాడ

భాస్కర్ రావు ఇంట్లో మనుషుల కంటే నగలకు మర్యాద ఎక్కువ. ముత్యాల సత్లాడ ఒకటి, దానికి వేలాడే రవ్వల పతకం, రవ్వల కమ్మల జత, భుజాలకు వంకీలు. సత్లాడ అంటే ఏడు పేటల హారం. ఎప్పటి ముత్యాలో ఏమో, ముసలివాళ్ల పళ్ల రంగుకు వచ్చాయి. రవ్వలు పాతకాలపువి, ఇప్పటివాటిలా మెరవవు. తెలియనివాడు చూస్తే పగిలిన సోడాసీసా పెంకులనుకుంటాడు. అయినా సరే, వాటి గురించి మాట్లాడేటప్పుడు భాస్కర్ రావు గొంతు తగ్గించేవాడు, పక్కగదిలో అవి పడుకుని ఉన్నట్టు.

"మా తాతకు నిజాం తన చేతులతోని ఇచ్చిండు" అనేవాడు. ఎందుకిచ్చాడన్నది మాత్రం వినేవాళ్లను బట్టి మారేది. ఒకసారి పులివేటలో ప్రాణం కాపాడినందుకు, ఇంకోసారి మామిడిపండ్ల గంప పంపినందుకు. ఏ కథ మొదలైనా ఆయన భార్య సునంద లేచి, పాలు పొంగుతున్నాయేమో చూడడానికి వెళ్లిపోయేది.

సునంద ఆ నగలు పెట్టుకున్నది ఒక్కసారే, పెళ్లిపీటల మీద. తలంబ్రాలు కాగానే అత్తగారు వచ్చి కోడలి మెడలోంచీ చెవుల్లోంచీ అన్నీ విప్పుకుని, గుడ్డలో మూటకట్టుకుని పోయింది. అత్తగారు పోయాక అవి బ్యాంకు లాకరులోకి వెళ్లాయి. "ఒక్కపారి పెట్టుకుంట" అని సునంద ఎప్పుడడిగినా భర్త చెప్పే మాట ఒకటే. "అవి పెట్టుకునేటివి కావు సునందా. ఉండేటివి."

ముస్తాబాద్ దగ్గర వాళ్ల గడికి, అంటే దొరల కోటలాంటి భవంతికి, కప్పు ఎప్పుడో కూలింది. దర్వాజాలు ఎవరు పట్టుకుపోయారో తెలియదు. గబ్బిలాలు మాత్రం దొరల కాలం నాటివే. భాస్కర్ రావు సిరిసిల్లలో ఇల్లు కట్టుకుని ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. జనం ఇంకా దొరా అనే పిలిచేవాళ్లు, "దొరా, యూరియా అచ్చిందా?" అని. కూతురు ప్రియదర్శిని కరీంనగర్‌లో డాక్టరు. నగలు నీకే అంటే, "నాకేం చేసుకోను నాన్నా? దవాఖానల సత్లాడ ఏసుకుంటే పేషెంట్లు బుగులుపడుతరు" అనేసింది.

సరిగ్గా అప్పుడు హైదరాబాదు సేటు ఒకాయన తగిలాడు. పాత కుటుంబాల నగలు కొని, వాటి బొమ్మలతో మెరుపు కాగితాల పుస్తకం వేసి, దేశదేశాలకు అమ్ముతాడు. ఫోన్లో మాట్లాడుతూ, "మీ ఫ్యామిలీ పేరు బుక్కులో వస్తుంది రావ్ సాబ్, సంస్థానం అని వేస్తాం" అన్నాడు. ఆ ఒక్క మాట భాస్కర్ రావు తలకెక్కింది. ఎరువుల సంచుల మధ్య కూర్చుని రోజంతా సంస్థానం, సంస్థానం అని లోలోపల అనుకునేవాడు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, ఆఫీసుల్లో ఫ్యాన్లు కూడా తిరగలేదు. బ్యాంకులు కూడా బందవుతాయని పుకారు పుట్టగానే భాస్కర్ రావు పరుగెత్తి నగలు ఇంటికి తెచ్చుకున్నాడు. అంతలో సేటు ఫోను. "రావ్ సాబ్, జగిత్యాలల ఫస్ గయా. లాడ్జిల కూసున్న. రాస్తా తెరవంగనే పోత. తెస్తే చూస్త, లేకపోతే నా పుస్తకం ఈ సాలుకు అయిపోయినట్టే."

వెళ్లాలంటే కారుంది. కానీ అంతకు వారం ముందే ఆ కారును సమ్మె పోరగాళ్లు ఆపి నాలుగు టైర్లలో గాలి తీసేశారు. ఇక మిగిలింది దుర్గయ్య ఆటో.

దుర్గయ్యది ముస్తాబాద్. వాళ్ల తాతలు గడిలో వెట్టి చేసినవాళ్లు. అతను మాత్రం సిరిసిల్ల రోడ్డు మీద ఆటో నడుపుకుంటాడు. ఆ రోజుల్లో అతని ఆటోను ఎవరూ ఆపేవాళ్లు కాదు, ఎందుకంటే అతని భార్య విజయ అంగన్‌వాడీ టీచరు, ధూంధాంలలో, అంటే ఉద్యమం ఆటపాటల సభల్లో, పాటలు పాడేది. ఆ సభల్లో తెలంగాణ తల్లి వేషం కూడా ఆమెదే. ఆ రోజు కోరుట్లలో పెద్ద ఊరేగింపు ఉంది. తల్లి వేషానికి ఆమె రావాలని కబురొచ్చింది.

"కోరుట్ల దాంక మేం పోతనే ఉన్నం" అన్నాడు దుర్గయ్య. "ఆడ్నుంచి జగిత్యాల ఎంత దూరం? కూసోండ్రి. కాని వెనుక పెట్టె, డప్పు, ఆడోళ్లు. మీరు నా పక్క సీటుల సర్దుకోవాలె."

అతని పక్క సీటు అంటే డ్రైవరు సీటులో మిగిలిన సగం. భాస్కర్ రావు ఆ సగంలో సగం కూర్చున్నాడు. మిగతా దొర గాలిలో ఉన్నాడు.

బయల్దేరేముందు ఆయన నగల మూటను చొక్కా లోపల పొట్టకు కట్టుకున్నాడు. అది ఒకవైపే ఉబ్బి, అద్దంలో చూసుకుంటే ఆయనకే అనుమానం వచ్చింది. వెంట బయల్దేరిన సునంద దాన్ని విప్పించింది. విజయ చాయ తాగుతుండగా వరండాలో ఆమె రేకుపెట్టె తెరిచి, గిల్టు గొలుసుల కింద మూట పెట్టి మూత వేసింది. అడిగి పెట్టవచ్చు. అడిగితే వద్దంటుందేమోనని అడగలేదు.

జగిత్యాల రోడ్డు మీద చెట్లు నరికి అడ్డం వేశారు. అందుకని వేములవాడ దాటి కథలాపూర్ మీదుగా మళ్లారు. ఊరూరా ఆపుతున్నారు. ఆపిన ప్రతిచోటా జై తెలంగాణ అనాలి. భాస్కర్ రావు మొదట దుకాణంలో రశీదు అడిగే గొంతుతో అన్నాడు. "గట్ల కాదు దొరా, కడుపుల నుంచి రావాలె" అన్నాడు దుర్గయ్య. కథలాపూర్ వచ్చేసరికి కొంచెం వచ్చింది. రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది. బతుకమ్మ పండుగ దగ్గర పడింది.

కోరుట్ల పొలిమేరలో పోలీసులు ఆపారు. పెట్టె తెరవమన్నారు. ఒక కానిస్టేబులు గిల్టు గొలుసులు పక్కకు జరిపి, కింద మూట విప్పి, సత్లాడను రెండు వేళ్లతో పైకెత్తాడు.  ముందు సీటులో భాస్కర్ రావు కిందకు దిగబోయి, లాఠీలు చూసి మళ్లీ కూర్చున్నాడు.

"అక్కా, గిదెక్కడ కొన్నవు?" అన్నాడు కానిస్టేబులు. "మా చెల్లె కాలేజిల డ్యాన్సు ఉన్నది. గిసొంటిదే కావాల్నని ఒక్కటే లొల్లి."

విజయ ఆ హారాన్ని చూసింది. అది తను సర్దింది కాదు. పక్కన సునంద ముఖం చూసింది. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"వేములవాడల, గుడి ముంగట" అంది. "పాత మాల్ అన్నా. ఇప్పుడు దొరకది."

"రంగు పోయింది గని డిజైన్ మంచిగుంది" అని అతను దాన్ని పెట్టెలో పడేశాడు. పడేసిన చప్పుడు భాస్కర్ రావు వెన్నులో దిగింది.

ఆటో నాలుగు అడుగులు కదిలాక విజయ భర్త భుజం తట్టింది. "ఆపు."

దుర్గయ్య ఆపాడు.

"దొరసానీ, నా పెట్టెల నీ ముల్లె ఎట్ల జొచ్చింది?"

 భాస్కర్ రావు వెనక్కి తిరిగి, "మెల్లగ, మెల్లగ మాట్లాడు" అన్నాడు.

"ఎందుకు సారూ మెల్లగ? ఇప్పుడు ఆ పోలీసాయన ఇవి అసలియి అని గుర్తుపడితే ఏమయితుండె? మీరు సార్లు, ఈమె దొరసాని. దొంగలు ఎవరయితుండిరి? నేనూ, నా మొగడు. మీరు తర్వాత వచ్చి చెప్తుంటిరేమో. ఆ తర్వాత ఎప్పుడో!"

దుర్గయ్య రోడ్డు వైపే చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే పెట్టిన విజయా" అంది సునంద. "అడగాల్సి ఉండె. అడగలే. తప్పే."

గడిలో పుట్టిన తప్పును ఎవరైనా ఇంత తొందరగా ఒప్పుకోవడం విజయ ఎప్పుడూ వినలేదు.  పెట్టె వైపు చూసింది. తర్వాత నవ్వింది, అంత మంచి నవ్వు కాదు.

"నా పెట్టెల ఉన్నయి అంటే నా వేషం నగలే. ఇయ్యాల ఇవే పెట్టుకుంట."

"ఏంది?" అన్నాడు భాస్కర్ రావు. "నువ్వా? సత్లాడ? ఏమనుకుంటున్నవు నువ్వు? నిజాం మా తాతకు..."

"ఊకోండ్రి" అంది సునంద. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్తను ఆ మాట అనడం అదే మొదలు. "పెట్టుకో విజయా. నేను పెడత."

కోరుట్ల బస్టాండు దగ్గర షామియానా వెనుక చీరలు అడ్డం కట్టి ఒక మూల చేశారు. అక్కడ విజయను స్టూలు మీద కూర్చోబెట్టి సునంద నగలు పెట్టింది. కమ్మల మరలు మొరాయించాయి. వంకీలు విజయ చేతికి సరిగ్గా పట్టాయి, పాట పాడేవాళ్ల చేతులు గట్టివి. చివరికి సునంద సత్లాడ కొక్కెం పెట్టింది. పెట్టెలో పడుకుని పడుకుని పాలిపోయిన ముత్యాలు మనిషి మెడ తగలగానే ఎట్లా మారాయో, వెనక్కి జరిగి చూసింది.

"ఎట్లున్న?" అంది విజయ.

"మా అత్త చూస్తే మళ్లొకపారి సస్తుండె" అంది సునంద. ఇద్దరూ నవ్వారు. బయట నిలబడిన భాస్కర్ రావుకు ఆ నవ్వు అస్సలు నచ్చలేదు.

అక్కడి జేఏసీ పనులు చూసే సామేలు సారు హడావుడిగా వచ్చాడు. చార్టు కాగితానికి బంగారు రంగు పూసిన కిరీటం తెచ్చి విజయ తలపై పెట్టాడు. దూరం జరిగి చూశాడు.

"కిరీటం అదిరింది అక్కా. గా హారమే జెర పాతగ కొడుతున్నది. ముందుగాల చెప్తే కొత్తది తెప్పిస్తుంటి గద."



ట్రాక్టరు ట్రాలీలో కుర్చీ వేసి దాని మీద విజయను నిలబెట్టారు. ఒక చేతిలో మక్క కంకులు, ఇంకో చేతిలో బతుకమ్మ. డప్పులు మొదలయ్యాయి. ఊరేగింపు కదిలింది. రోడ్డు పొడుగునా వంటావార్పు పొయ్యిలు, పొగ, పులిహోర వాసన, జెండాలు. భాస్కర్ రావు ట్రాలీ అంచును రెండు చేతులా పట్టుకుని పక్కనే నడిచాడు. ఆయన చూపు సత్లాడ మీదనుంచి కదలలేదు. గుంత వచ్చి ట్రాలీ ఎగిరినప్పుడల్లా, "అమ్మా! తల్లీ! మెల్లగ!" అని అరిచాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

జనం ఆయన్ను చూసి ముచ్చటపడ్డారు. "చూడుండ్రి, పెద్దమనిషికి తల్లి మీద ఎంత పాణమో!"

"ఎవరాయన?" అని సామేలు సారు దుర్గయ్యను అడిగాడు.

"సిరిసిల్ల నుంచి అచ్చిండు" అన్నాడు దుర్గయ్య చాలా వినయంగా. "పొద్దుగాల్నుంచి గట్లనే ఏడుస్తున్నడు. ఒక్క మాట మాట్లాడిపియ్యుండ్రి సార్, మనసు నిమ్మళమయితది."

భాస్కర్ రావు వద్దు వద్దంటుండగానే చేతులు ఆయన్ను ఎత్తి ట్రాలీలోకి చేర్చాయి. ఎవరో నుదుటికి గులాలు పూశారు, మెడలో కండువా వేశారు. మైకు చేతికి వచ్చింది. కింద ఎటు చూసినా తలలు. కొందరు తల్లి పాదాలు తాకుదామని ట్రాలీ ఎక్కుతున్నారు, కొందరు విజయ చీర పట్టుకుంటున్నారు. భాస్కర్ రావుకు సత్లాడ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"మన తల్లి మెడల ఉన్నది ఎవ్వని సొమ్ము కాదు!" అని అరిచాడు. "మనది! తాతల కాడ్నుంచి మనది! గుంజుకపోతందుకు ఎవ్వడు చెయ్యి పెట్టినా ఊకుండద్దు!"

 కోరుట్ల అంతా కూలినట్టు చప్పట్లు.

"దూరం! దూరం జరుగుండ్రి! ఇన్నొద్దులు దాచిపెట్టుకున్నం, ఇగ పోగొట్టుకునేది లేదు!"

ఈలలు, డప్పులు, జై తెలంగాణ. సామేలు సారు కళ్లు తుడుచుకున్నాడు. ఇంత చిన్న మాటల్లో ఇంత పెద్ద సంగతి చెప్పిన మనిషిని ఆయన ఆ సమ్మెలో చూడలేదు. భాస్కర్ రావు తెల్లబోయాడు. నలభై ఏళ్లుగా ఆయన మాట్లాడితే ఎవరూ పూర్తిగా విన్నది లేదు, ఇంట్లో పాలు పొంగేవి, దుకాణంలో సంచులు దిగేవి. ఇప్పుడు ఒక ఊరు ఊరంతా తనవైపే చూస్తోంది. ఇంకో మాట అందామని మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

ఆ ఉత్సాహంలోనే సామేలు సారు బంతిపూల దండ తెచ్చి తల్లి మెడలో వేశాడు. దండ ఇనుపతీగ మీద కట్టింది. తీగ కొస ముత్యాల పేటలో చిక్కుకుంది. దండ సర్దబోయి ఆయన గట్టిగా లాగాడు.

పాత పట్టుదారం. అన్ని పేటలూ ఒక్కసారే తెగాయి. పతకం విజయ కొంగులో పడింది. ముత్యాలు ట్రాలీ మీద టపటపా రాలి, అంచు దాటి, కోరుట్ల రోడ్డు మీదికి ఉరికాయి.

"ముత్యాలు!" అని భాస్కర్ రావు మైకులోనే కేక వేశాడు. "అసలు ముత్యాలు! తొక్కకుండ్రి! అసలియి!"

జనం పగలబడి నవ్వారు.

"అసలు ముత్యాలు రోడ్డు మీద పోస్తందుకు మనమేమన్న దొరలమా సారూ!" అని ఒకడు కింద నుంచి అరిచాడు. ఆ మాటకు ఇంకా నవ్వారు.

భాస్కర్ రావు విజయ వైపు తిరిగాడు. "వంగు! నీ కాళ్లకాడ ఉన్నయి, ఏరు!"

విజయ కంకుల చేయి దించలేదు. బతుకమ్మ చేయి దించలేదు. పెదవులు కదిలీ కదలకుండా అంది. "తల్లి వంగది సారూ. నువ్వే ఏరు."

ఆయన వంగాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె పాదాల చుట్టూ ఏరాడు. తర్వాత ట్రాలీ దిగి, ట్రాక్టరు కిందికి దూరి, వేడి తారు మీద పాకుతూ ఏరాడు. ఆడవాళ్లు జాలిపడి, పాటలు ఆపి, కొంగులు పట్టి సాయం చేశారు. సునంద కూడా చీర కుచ్చిళ్లు దోపి రోడ్డు మీద కూర్చుంది. అందరూ ఏరినవి తెచ్చి ఆమె ఒడిలో పోశారు. అసలు సంగతి తెలిసి ఉంటే అంత నిజాయితీగా తెచ్చేవాళ్లో లేదో చెప్పలేం. పూసలే కదా అని తెచ్చారు.

కానీ పెద్దమనిషి అంతటివాడు తల్లి పాదాల దగ్గర మోకరిల్లి ఏరుతుంటే కొందరికి భక్తి పుట్టింది. పోశవ్వ అని పూలు అమ్మే ముసలమ్మ ఒక ముత్యాన్ని కళ్లకద్దుకుని కొంగుముడి వేసుకుంటోంది. భాస్కర్ రావు చేతులు జోడించాడు.

"అవ్వా, అది నాది."

"నీదెట్లయితది కొడుకా? తల్లి మెడలది. దేవునికాడ పెట్టుకుంట" అని ఆమె ఆయన తలమీద చెయ్యి పెట్టి దీవించి వెళ్లిపోయింది. ఆమెను చూసి ఇంకొందరు కూడా ముడులు వేసుకున్నారు.

మధ్యాహ్నం దాటాక జగిత్యాల చేరారు. సేటు లాడ్జి మంచం మీద తెల్లగుడ్డ పరిచి సునంద ఒడిలోవన్నీ పోయించుకున్నాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కొక్కటే పక్కకు పెట్టడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ పూసలు ఒక పక్క, చొక్కా గుండీలు ఒక పక్క, కొన్ని జొన్నగింజలు, సగం విరిగిన జ్వరం గోళీ.

"ఇదేంది రావ్ సాబ్?"

"అది... దారిల కలిసింది" అన్నాడు భాస్కర్ రావు. ఆయన మోకాళ్ల దగ్గర పంచె చిరిగి ఉంది. నుదుటి మీద గులాలు ఇంకా ఉంది.

మిగతావి చూసి సేటు తల ఊపాడు. "బస్రా ముత్యాలు. రవ్వలు గోల్కొండ మాల్. కొన్ని పోయినయి, ఫికర్ లేదు, జోడిస్త. ఇగ కహానీ చెప్పుండ్రి. ఆఖరుకు ఎవరు వేసుకున్నరు? రాణీసాహెబా ఎవరు?"

"ఆఖరుకు వేసుకున్నది విజయ" అంది సునంద. "ఇయ్యాలనే. కోరుట్ల బస్టాండు కాడ, ట్రాక్టర్ మీద."

సేటు జోకనుకుని మర్యాదగా నవ్వాడు. సంచిలోంచి పాత పుస్తకం తీసి చూపించాడు. నల్లటి మఖమలు మీద నగలు, కింద పొడుగు పొడుగు పేర్లు. "ఇట్ల వేస్త. రాజా భాస్కర్ రావు సంస్థానం."

భాస్కర్ రావు ఆ పేజీ మీద వేలు పెట్టి చూశాడు. ఎన్ని రోజులుగానో కలవరించిన పేజీ అది.

"మీ బుక్కు ఎందరు సదువుతరు సేటూ?"

"చాలా గొప్పోళ్లు రావ్ సాబ్. లండన్, దుబాయి. మూడు నాలుగు వందల మంది ఉంటరు."

"అందరూ కలిసి?"

"అందరూ కలిసి."

భాస్కర్ రావు పుస్తకం మూసి ఇచ్చేశాడు. "గంతేనా?" అన్నాడు. అని లేచాడు. మెడలో కండువా సర్దుకుని, ప్లాస్టిక్ పూసలతో సహా అన్నీ మూటకట్టమని భార్యకు చెప్పాడు. సేటు ఎంత బతిమాలినా వినలేదు. సునంద నోరు తెరిచి భర్తను చూసింది. ఆయనకు ఏదో పట్టిందనుకుంది. పట్టింది, కోరుట్ల చప్పట్లు పట్టాయి.

తిరుగుదారిలో సునంద మూటలోంచి రవ్వల కమ్మలు తీసి విజయ చేతిలో పెట్టబోయింది. విజయ చేయి వెనక్కి లాక్కుంది.

"నాకెందుకమ్మా? రేపు ఎవరన్న ఎక్కడియని అడిగితే ఏం చెప్పాలె? వేములవాడ గుడి ముంగట అని ఎన్నిసార్లు చెప్పాలె?"

"మరి ఏం కావాలె?"

విజయ ఆలోచించింది. "దసర అయినంక సిరిసిల్లల ధూంధాం ఉన్నది. హారం మళ్ల గుచ్చిపియ్యి. గిల్టుది పెట్టుకుంటే మెడ గీరుకపోతది. కాని పెట్టెల కాదు. సారు తన చేతుల్తోని పట్టుకొని రావాలె. పోలీసులడిగితే సారే చెప్పాలె, నావి అని."

"నేనే తెస్త" అని ముందు సీటు నుంచి భాస్కర్ రావు వెంటనే అన్నాడు. "అయితే నన్ను మాట్లాడనియ్యాలె."

మరుసటి రోజు పేపరు జిల్లా పేజీలో బొమ్మ వచ్చింది. తల్లి వేషంలో విజయ, పాదాల దగ్గర మోకరిల్లి భాస్కర్ రావు. ప్రియదర్శిని కరీంనగర్ నుంచి ఫోను చేసి, "నాన్నా, పాణం మంచిగనే ఉన్నదా?" అని అడిగింది. బంధువుల్లో ఇద్దరు ముగ్గురు మాటలు మానేశారు. ఎరువుల దుకాణంలో మాత్రం గిరాకీ పెరిగింది.

పోయిన ముత్యాలు పోగా సత్లాడ అయిదు పేటలకు వచ్చింది. దారం మాత్రం ఈసారి నైలానుది. దాంతో విజయ ఎల్లారెడ్డిపేటలో, వీర్నపల్లిలో, ధర్మపురిలో, ఎక్కడ సభ జరిగితే అక్కడ తల్లిగా నిలబడింది. భాస్కర్ రావు సంచి చంకలో పెట్టుకుని వెంట వెళ్లేవాడు, దుర్గయ్య పక్కన సగం సీటులో. అక్కడ అదే ఉపన్యాసం చెప్పేవాడు. "దూరం జరుగుండ్రి" అన్న దగ్గర కొంచెం ఆగడం నేర్చుకున్నాడు, చప్పట్లకు వీలుగా. నిజాం కథ చెప్పడం మానేశాడు. అడిగితే, "అదంతా ఎందుకు, మన కోరుట్ల సంగతి విన్నరా?" అని మొదలుపెట్టేవాడు. సునంద పాలు చూడడానికి లేచేది, అదొక్కటి మారలేదు.

రాష్ట్రం వచ్చింది. చౌరస్తాల్లో సిమెంటు తల్లులు నిలబడ్డారు, మెడలో సిమెంటు హారాలు, పైన బంగారు రంగు. వేషం తల్లితో ఎవరికీ పని లేకపోయింది. భాస్కర్ రావును కూడా ఎవరూ మైకు దగ్గరకు పిలవలేదు. కొన్ని రోజులు ఆయన జ్వరం వచ్చినవాడిలా తిరిగాడు. విజయ అంగన్‌వాడీకి వెళ్లి పిల్లలకు గుడ్లు ఉడకబెట్టింది. జీతం పెరుగుతుందన్నారు, ఇంకా చూస్తోంది.

ఒక ఆదివారం విజయ తన అత్త నర్సవ్వను వెంటబెట్టుకుని సిరిసిల్ల వచ్చింది. నర్సవ్వ గడి ముందు వాకిలి ఊడ్చిన మనిషి. ఊడ్చినన్నాళ్లూ గడప ఇవతలే.

"మా అత్త ఒక్కపారి చూస్తదట" అంది విజయ.

సునంద సత్లాడ తెచ్చింది. నర్సవ్వను వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చోబెట్టి, తెల్లజుట్టు పక్కకు తీసి, కొక్కెం పెట్టింది. భాస్కర్ రావు తలుపు దగ్గర నిలబడి చూశాడు.  ఏమన్నా అంటే విజయ ఏమంటుందో ఆయనకు తెలుసు.

నర్సవ్వ ముత్యాలను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. ఒకదాన్ని పంటితో కొరికింది. ఉయ్యాలను కాలితో మెల్లగా తోసుకుంది.

"గింతేనా?" అంది కోడలితో. "గీటికా అంత కావలి వెట్టిండ్రు? పూసలే గదనే!"

తర్వాత సునంద ఇచ్చిన చాయ ఒక గుక్క తాగి, గ్లాసు వెనక్కి చాచింది.

"దొరసానీ, చక్కెర జెర తక్కువైంది. ఇంకింత ఎయ్యి."